మూతికి గుడ్డ కట్టించిన మహానుభావుడు: డాక్టర్ వూ లియన్ తే

మన హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాతకాలం వాళ్ళు కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అనే ఇంగ్లీషు మాట జనం నోట నలిగి నలిగి కోరంటి అయింది. అంటురోగం వచ్చినవాళ్ళను ఊరికి వేరుగా ఉంచే చోటు అని దాని అర్థం. ఆ పేరు వినబడితే చాలు, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తౌబా తౌబా అనేవారు. లోపలికి పోయిన మనిషి తిరిగి వస్తాడో రాడోనన్న భయం ఒకటి. గేటు దగ్గరే ఆపేస్తారు, మనవాణ్ణి మనకు చూపించరు అన్న బాధ మరొకటి.

రోగిని పరామర్శించటం మనకు విధి. మనలో ఒకరికి జబ్బు చేసిందంటే గల్లీ అంతా కదులుతుంది. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో ఫ్లాస్కు, వెనక పిల్లాజెల్లా. మంచం చుట్టూ పదిమంది చేరతారు. ఇది మంచి గుణమే, పోగొట్టుకోదగింది కాదు. కాని గాలిలో అంటుకునే రోగం వచ్చినప్పుడు ఇదే గుణం మన ఇంటికి మనమే మృత్యువును తీసుకొచ్చే దారి అవుతుంది. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వచ్చినప్పుడు ఆ సంగతి అందరం చూశాం. చివరి చూపు దక్కలేదని ఇప్పటికీ కుమిలిపోతున్న కొడుకులు, కూతుళ్ళు మన మధ్య ఉన్నారు. ఆ గేటు దగ్గర నిలబడ్డ ప్రతివారికీ ఒక ప్రశ్న వచ్చే ఉంటుంది. ఈ నియమాలు ఎవరు పెట్టారు? దయ లేక పెట్టారా, దయ ఉండే పెట్టారా?

ఈ ప్రశ్నకు ఒక డాక్టరు జీవితంలో మంచి జవాబు ఉంది. ఆయన మన దేశంవాడు కాదు, మన మతంవాడూ కాదు. అయినా ఆయన చేసిన పని వల్ల మేలు పొందనివారు నేడు లోకంలో లేరంటే అతిశయోక్తి కాదు. ఆయన పేరు డాక్టర్ వూ లియన్ తే.

బాల్యము, విద్య

వూ గారు 1879 మార్చి 10న పెనాంగు ద్వీపంలో జన్మించారు. అది అప్పుడు ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉండేది, ఇప్పుడు మలేషియాలో ఉంది. తండ్రి దక్షిణ చైనా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కంసాలి. పిల్లలు చాలామంది, సంపాదన అంతంతమాత్రం. అయినా పిల్లవాడు చదువులో చురుకు. పెనాంగు ఫ్రీ స్కూలులో చదివి, పోటీ పరీక్షలో నెగ్గి, రాణి పేరు మీద ఇచ్చే స్కాలర్‌షిప్పు సంపాదించాడు. 1896లో ఓడెక్కి కేంబ్రిడ్జి వెళ్ళాడు. అక్కడ వైద్యవిద్య చదివిన చైనా సంతతివారిలో ఆయనే మొదటివాడు.

లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో శిక్షణ ముగిశాక లివర్‌పూల్‌లో సర్ రోనాల్డ్ రాస్ దగ్గర కొంతకాలం పని నేర్చుకున్నారు. ఈ రాస్ గారు మనకు పరాయివాడు కాదు. 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో కూర్చునే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది ఆయనే. పైన చెప్పిన కోరంటి దవాఖానా బోర్డు మీద ఉన్న పేరు కూడా ఆ రాస్ గారిదే. ఆ తరువాత వూ గారు పారిస్‌లోని పాశ్చర్ సంస్థలోనూ, జర్మనీలోనూ సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకుని 1903లో స్వదేశం చేరారు.

ఇంత చదివి వచ్చినా సర్కారు వైద్యశాఖలో పెద్ద ఉద్యోగాలు తెల్లవారికే. ఆయన పెనాంగులో సొంతంగా వైద్యం పెట్టుకున్నారు. అక్కడ జనాన్ని పీల్చి పిప్పి చేస్తున్న నల్లమందు మీద పోరాటం మొదలుపెట్టారు. నల్లమందు మీద లక్షలు గడించేవాళ్ళు ఊరుకుంటారా? ఆయన దవాఖానా సోదా చేయించారు. మందుల బీరువాలో కాస్తంత నల్లమందు టించరు దొరికిందని, దానికి లైసెన్సు లేదని కోర్టుకు ఈడ్చి జరిమానా వేయించారు. నల్లమందును మాన్పించబోయినవాడికి నల్లమందు కేసులోనే శిక్ష! మనసు విరిగిన ఆయన, పిలుపు రాగా 1908లో చైనా వెళ్ళి, తియన్‌చిన్ పట్టణంలో సైనిక వైద్య కళాశాలకు ఉపాధ్యక్షుడయ్యారు.

హార్బిన్‌లో మహమ్మారి

1910 చివరిలో ఉత్తరాన మంచూరియాలో ఒక వింత రోగం ప్రబలింది. మొదట జ్వరం, దగ్గు, తరువాత నెత్తురు కక్కుకోవటం. రెండు మూడు రోజులలో మనిషి పోతాడు. సోకినవాడు బతకడమన్నది దాదాపు లేదు. వెళ్ళి చూడమని ప్రభుత్వం నుంచి వూ గారికి తంతి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 31 ఏళ్ళు. ఒక్క శిష్యుణ్ణి, ఒక మైక్రోస్కోపును వెంటబెట్టుకుని డిసెంబరు 24న హార్బిన్ పట్టణంలో రైలు దిగారు. చలి సున్నాకు 25, 30 డిగ్రీల కింద ఉన్నది. చైనావారు ఉండే ఫూచియాతియన్ పేటలో సుమారు 24,000 జనాభా. రోజూ పదుల లెక్కన చచ్చిపోతున్నారు.

శవాన్ని కోసి చూడటం అక్కడివారికి మహాపాపం, చట్టం కూడా ఒప్పుకోదు. కాని చూడకపోతే రోగమేమిటో తెలియదు. డిసెంబరు 27న ఒక చిన్న సత్రం యజమానురాలు, జపాన్ స్త్రీ, చనిపోగా వూ గారు రహస్యంగా పరీక్ష చేశారు. ఊపిరితిత్తుల్లో, రక్తంలో ప్లేగు క్రిములు కనబడ్డాయి.

ప్లేగు అంటే మన పెద్దలకు తెలియనిది కాదు. 1896లో బొంబాయిలో దిగి దేశమంతా పాకి లక్షలమందిని తీసుకుపోయింది. అది గజ్జల్లో, చంకల్లో బిళ్ళలు కట్టే రకం. ఎలుక మీది మిన్నల్లి కుడితే వస్తుంది. అందుకే ఆనాటి డాక్టర్లంతా ప్లేగు అనగానే ఎలుకలను పట్టమనేవారు. కాని హార్బిన్‌లో రోగులకు బిళ్ళలు లేవు. ఉన్న జబ్బంతా ఊపిరితిత్తుల్లోనే. వూ గారు ఆలోచించారు. ఇది ఎలుక నుంచి కాదు, మనిషి నుంచి మనిషికి దగ్గు తుంపరలలో గాలి ద్వారా పోతున్నది అని తేల్చారు. ఉన్నిచర్మం కోసం మర్మోటు అనే జంతువును వేటాడేవారి నుంచి మొదలై, ఇరుకు సత్రాలలో ఒకరి పక్కన ఒకరు పడుకునే కూలీల మధ్య పాకి, రైలెక్కి ఊళ్ళకు పోతున్నదని గ్రహించారు.

ఊపిరిలో వచ్చేదాన్ని ఊపిరి దగ్గరే ఆపాలి. అందుకని ఆయన ఒక ఉపాయం చేశారు. గాయాలకు కట్టే పలుచని గాజు గుడ్డ తీసుకుని, మడతల మధ్య దూది పొరపెట్టి, ముక్కు, నోరు కప్పేటట్టు తల వెనక ముడి వేసే మాస్కు తయారు చేయించారు. కొన్ని పైసల ఖర్చు. ఎవరైనా ఇంట్లో కుట్టుకోవచ్చు. డాక్టర్లు, నర్సులు, శవాలు మోసేవారు, రోగి దగ్గరికి వెళ్ళే ప్రతివారు ఇది కట్టుకోవాలని ఆజ్ఞ.

పెద్దమనిషి పరామర్శ

ఇక్కడే అసలు కథ ఉన్నది. తియన్‌చిన్ నుంచి జెరాల్డ్ మెస్నీ అనే ఫ్రెంచి ప్రొఫెసరు హార్బిన్ వచ్చారు. వయసులో పెద్ద, అనుభవంలో పెద్ద. అంతకు రెండేళ్ళ ముందు ఇంకొకచోట ప్లేగును అదుపు చేసిన మనిషి. 1911 జనవరి 2న వూ గారు ఆయనను కలిసి, ఇది గాలిలో అంటే ప్లేగు, మాస్కు తప్పదు అని వినయంగా మనవి చేశారు. మెస్నీ గారికి కోపం వచ్చింది. ఒక చైనా కుర్రవాడు తనకు పాఠం చెప్పటమేమిటని మండిపడ్డారు. మొత్తం పని తన చేతికే ఇవ్వాలని పట్టుబట్టారు. వూ గారు ఎదురు మాట్లాడలేదు. తనను ఈ పని నుంచి విడిపించమని ప్రభుత్వానికి తంతి ఇచ్చారు. ప్రభుత్వం వూ గారి వైపే నిలబడింది.

మెస్నీ గారు ఆ పట్టుదలతోనే రష్యావారి ప్లేగు ఆసుపత్రికి రోగులను చూడటానికి వెళ్ళారు. తెల్లకోటు వేసుకున్నారు, చేతికి తొడుగులు వేసుకున్నారు, మాస్కు మాత్రం కట్టుకోలేదు. రోగుల మీదికి వంగి పరీక్ష చేశారు. అటు తరువాత కొద్ది రోజులకే జ్వరం, దగ్గు. జనవరి 11న మరణించారు.

ఈ వార్తతో హార్బిన్ మొత్తం గడగడలాడింది. అంతటి పెద్ద డాక్టరును వదలని రోగం మనల్ని వదులుతుందా అని జనం మాస్కుల కోసం ఎగబడ్డారు. వూ గారు మాత్రం నేను చెప్పలేదా అని ఎక్కడా గొప్ప చెప్పుకోలేదు. నియమానికి చిన్నా పెద్దా లేదని ఆ మరణమే అందరికీ తెలిపింది. మనలో కూడా కొందరుంటారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, నేనెవరో తెలుసా అని గద్దిస్తారు. ఫోన్ చేయించి లోపలికి పోతారు. పాసు ఒకరికే అంటే నలుగురు దూరతారు. వారు వాచ్‌మన్‌ను జయించవచ్చు గాని, క్రిమికి మాత్రం ఎవరి హోదా తెలియదు.

ఊరును ఎలా కాపాడారు

వూ గారు పేటను నాలుగు భాగాలు చేశారు. ఒక్కొక్క భాగానికి ఒక డాక్టరు పెద్ద. తెలుపు, ఎరుపు, పసుపు, నీలం రంగుల గుర్తులు ఇచ్చి, ఏ భాగంవారు ఆ భాగంలోనే తిరగాలని కట్టుదిట్టం చేశారు. సైనికులను కాపలా పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి రోగులను వెదికే మనుషులను ఏర్పాటు చేశారు. రోగం వచ్చినవారు ఆసుపత్రికి పోవాలి. వారితో కలిసి ఉన్నవారిని వేరే పెట్టాలి. అంతమందికి చోటేదీ? రష్యన్ రైల్వేవారిని అడిగి 120 రైలు పెట్టెలు తీసుకుని, వాటినే గదులుగా మార్చారు. లోపల పొయ్యి పెట్టి వెచ్చగా ఉంచి, రోజూ జ్వరం చూసి, రోగం లేదని తేలినవారిని ఇంటికి పంపేవారు.

జనం వెంటనే ఒప్పుకున్నారని అనుకోకండి. ఇంట్లో రోగి ఉన్నాడని తెలిస్తే అందరినీ తీసుకుపోతారని దాచిపెట్టేవారు. రాత్రిళ్ళు శవాలను వీధిలోకి తోసేసేవారు. ఒక చర్చి పెద్దలు తమ దగ్గరున్న రోగుల సంగతి చెప్పకుండా దాచారు. దేవుని ఇంట్లో ఉన్నాం, మనకేం కాదనుకున్నారు. చివరకు అక్కడ తలదాచుకున్నవారిలో ఎక్కువమంది పోయారు, పాదరీతో సహా. భక్తి తప్పుకాదు. భక్తి ఉన్నంత మాత్రాన జాగ్రత్త అక్కరలేదనుకోవటం తప్పు. ఒంటెను కట్టేసి ఆ తరువాత దేవునిపై భారం వేయాలని చిన్నప్పటి నుంచి విన్నవాళ్ళం మనం. ఈ సంగతి మనకు ఒకరు చెప్పాలా?

జాగ్రత్త తీసుకున్నవారిలోనూ పోయినవారు ఉన్నారు. ముక్డెన్ పట్టణంలో రైలు ప్రయాణికులను పరీక్షిస్తూ ఆర్థర్ జాక్సన్ అనే యువ డాక్టరు ఆ జనవరిలోనే రోగం తగిలి మరణించాడు. కాబట్టి మాస్కు తాయెత్తు కాదు. అపాయాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. అందుకే ఒక్క మాస్కును నమ్ముకుని వార్డులో గంటలు గంటలు కూర్చోరాదు.

గుండె రాయి చేసుకుని చేసిన పని

అన్నిటికన్నా కష్టమైనది శవాల సంగతి. చలికి నేల రాయిలాగా గడ్డకట్టింది. గునపం దిగదు. ఊరి బయట రెండువేల పైచిలుకు శవాలు మంచులో అలానే పడి ఉన్నాయి. చనిపోయినవారిని మట్టి చేయటం మనకెంత ముఖ్యమో చైనావారికీ అంతే ముఖ్యం. కాల్చటమంటే పెద్దలకు ద్రోహం. ఆ సంప్రదాయంలో పెరిగిన మనిషే వూ గారు. ఎంత మథనపడి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆయన తనంతట తాను అగ్గి పెట్టలేదు. ముందు ఊరి పెద్దలను పిలిచి శవాలు చూపించి ఒప్పించారు. చక్రవర్తి అనుమతి తెప్పించారు. 1911 జనవరి 31న దహనం చేయించారు. ఆనాటి నుంచి మరణాలు తగ్గుముఖం పట్టాయి. మార్చి 1న ఆ పేటలో ఆఖరి కేసు. మొత్తం మంచూరియాలో చనిపోయినవారు సుమారు 60,000 మంది.

ఇది చదివి మన పాఠకుల మనసు చివుక్కుమనవచ్చు. ఒక మాట గమనించాలి. ఆ నేల, ఆ చలి, ఆ కాలం వేరు. ప్రతి రోగానికీ అదే నియమం కాదు. కరోనా కాలంలో శ్రీలంక ప్రభుత్వం అందరి శవాలనూ దహనం చేయాలని ఆజ్ఞ వేసింది. అక్కడి ముస్లిములు ఎంతో క్షోభపడ్డారు. తగిన జాగ్రత్తతో ఖననం చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉన్నది. చివరకు 2021 ఫిబ్రవరిలో ఆ ఆజ్ఞ తీసేశారు. మన దేశంలో ఖననానికి అనుమతి మొదటి నుంచీ ఉన్నది. నియమం అంటే ఋజువు మీద నిలబడాలి, అవసరం తీరగానే తొలగాలి, జనాన్ని ఒప్పించి పెట్టాలి. వూ గారి నియమాలకు ఈ మూడు గుణాలూ ఉన్నాయి. అందుకే అవి జనం పాటించారు, ఊరు బతికింది.

కీర్తి, కష్టాలు, చివరి రోజులు

1911 ఏప్రిల్‌లో ముక్డెన్‌లో 11 దేశాల డాక్టర్లు ప్లేగు మహాసభ జరిపారు. అధ్యక్ష పీఠం మీద కూర్చున్నది ఈ కంసాలి కొడుకే. తరువాత హార్బిన్ కేంద్రంగా ప్లేగు నివారణ శాఖ నెలకొల్పి ఏళ్ళ తరబడి నడిపించారు. 1920-21లో ఆ రోగం మళ్ళీ వచ్చింది. ఈసారి ఆసుపత్రులు, మనుషులు, మాస్కులు ముందే సిద్ధంగా ఉన్నందున మరణాలు సుమారు 9,000 దగ్గర ఆగాయి. 60,000 ఎక్కడ, 9,000 ఎక్కడ! ముందు చూపు విలువ ఈ లెక్కలోనే తెలుస్తున్నది. 1930లో చైనా ఓడరేవుల క్వారంటైన్ శాఖకు పెద్ద అయ్యారు. 1935లో నోబెల్ బహుమతికి ఆయన పేరు ప్రతిపాదించారు, బహుమతి మాత్రం రాలేదు.

జపాన్ దండయాత్ర రాగా 1937లో అన్నీ వదులుకుని మలయా తిరిగివచ్చి ఇపో పట్టణంలో మామూలు డాక్టరుగా కూర్చున్నారు. అంతటి పదవులు చేసిన మనిషి బీదసాదలకు చీటీ రాసిస్తూ గడిపారు. యుద్ధకాలంలో గెరిల్లాలు ఎత్తుకుపోయి డబ్బు తీసుకుని వదిలారు. అటు జపాన్‌వారూ అనుమానించారు. అన్నీ ఓర్చుకున్నారు. 1959లో తన ఆత్మకథ వెలువడింది. 1960 జనవరి 21న, తాను పుట్టిన పెనాంగులోనే, 80 ఏళ్ళు నిండి 81 నడుస్తుండగా కన్నుమూశారు.

మనం నేర్చుకోవలసింది

సోదర సోదరీమణులారా, ఈ జీవితం చదివి పక్కన పెడితే లాభం లేదు. మన సొసైటీ సభ్యులు, మన ఇంటివాళ్ళు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కొన్ని సంగతులు గుర్తు పెట్టుకోవాలి.

అంటురోగం వార్డుకు ఇంటికి ఒక్కరే వెళ్ళాలి, వీలైతే రోజూ ఆ ఒక్కరే. మనకే జ్వరం, దగ్గు ఉంటే అసలు వెళ్ళరాదు. పసిపిల్లలను, గర్భిణులను, ముసలివారిని, షుగరు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిని తీసుకుపోరాదు. మాస్కు ముక్కును, నోటిని రెంటినీ కప్పాలి. గడ్డం కింద వేలాడదీసే మాస్కు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. లోపలికి పోయే ముందు, వచ్చిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వజూ చేసే అలవాటున్న మనకు ఇది బరువా? రోగి మంచం మీద కూర్చోవద్దు. అతని గ్లాసులో తాగవద్దు, తిని వదిలినది తినవద్దు. వార్డులో తిరిగిన బట్టలతో ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకోవద్దు, ముందు బట్టలు మార్చుకోవాలి. నర్సమ్మ ఒక మాట చెబితే అది మన మంచికేనని వినాలి. ఒక్కో రోగానికి ఒక్కో పద్ధతి ఉంటుంది గనుక ఆ ఆసుపత్రివారు చెప్పిందే పాటించాలి.

మరి పరామర్శ మానుకోవాలా? మానుకోనక్కరలేదు, తీరు మార్చుకుంటే చాలు. ఫోనులో రెండు మాటలు చెప్పవచ్చు, ముఖం చూపించవచ్చు. వండిన అన్నం గేటు దగ్గర ఇవ్వవచ్చు. మందుల ఖర్చుకు చేయి ఆడనివారికి చేయి ఇవ్వవచ్చు. రోగి ఇంట్లో ఉన్న పిల్లలకు పూట గడిచేటట్టు చూడవచ్చు. ఇంట్లో కూర్చుని దువా చేయవచ్చు. ఇవన్నీ పరామర్శే. ఆసుపత్రివారికీ ఒక మనవి. గేటు వేసినప్పుడు కబురు మాత్రం ఆపకండి. లోపలి మనిషి ఎలా ఉన్నాడో పూటపూటకూ ఎవరో ఒకరు వచ్చి చెబితే, బయట నిలబడ్డవారు గేటు తోయరు.

వూ గారు ఊరి వాకిళ్ళు మూయించింది ఊరి మీద ప్రేమ లేక కాదు. ఆ మూతల వెనక రైలు పెట్టెల్లో పొయ్యి వెలిగించి జనాన్ని వెచ్చగా ఉంచిందీ ఆయనే. రేపు ఎప్పుడైనా ఒక గేటు దగ్గర మనల్ని ఆపితే, కోపం వచ్చే ముందు ఆ మనిషిని ఒకసారి తలుచుకుందాం. జేబులోంచి మాస్కు తీసి కట్టుకుందాం.